తెల్ల దుప్పట్ల మీద నల్లపొడి

"ఆస్పత్రి దుప్పట్లండీ. ఇంకోసారి ఇలా పంపితే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు," అంటూ లాండ్రీ యజమానురాలు డిటెక్టివ్ బల్ల మీద తెల్ల దుప్పటి పరిచింది. దుప్పటి కింది సగమంతా సన్నటి నల్లపొడి. పది రోజులుగా ఇదే తంతు. పక్క షెడ్డులోని వెల్డింగ్ మేస్త్రీయే కారణమని ఆమె అనుమానం.

డిటెక్టివ్‌కి సహాయకురాలైన మేనకోడలు అయస్కాంతం దగ్గరపెట్టగానే పొడి దాన్ని అంటుకుంది.

"ఇనుమే మావయ్యా. మేస్త్రీ దొరికిపోయాడు."

"తొందరపడకు," అన్నాడాయన.

లాండ్రీ ఏటవాలు రోడ్డు చివర, మలుపులో ఉంది. ముందు పొట్టి ప్రహరీగోడ, దాని వెంబడే బట్టలారేసే తీగ. పక్క షెడ్డు మూసి ఉంది. మేస్త్రీ మణికట్టుకి కట్టుతో స్టూలు మీద కూర్చున్నాడు.

"మిషన్ ముట్టుకుని నాలుగు రోజులైందండీ. చెల్లెమ్మ పలకరించినా మొహం తిప్పుకుంటోంది."

"ఈ దుప్పటి ఎప్పటిది?" డిటెక్టివ్ అడిగాడు.

"నిన్నటిది," అని లాండ్రీ ఆవిడ తల దించుకుంది.

తీగ మీది దుప్పట్లకి రోడ్డువైపు ముఖమే నల్లబడింది. షెడ్డువైపు ముఖం తెల్లగానే ఉంది. అరగంటకోసారి తిరిగే బస్సు వాలు దిగి మలుపులో ఆగింది. మాడు వాసన గుప్పుమంది. మేనకోడలు వంగి చక్రాలు చూసింది. మూడు బూడిదరంగులో ఉన్నాయి, ముందు ఎడమది మసిబారింది. ఆయన మెచ్చుకోలుగా తలూపాడు.

మధ్యాహ్నం ఖాళీ బస్సుతో వచ్చిన డ్రైవర్ని కూడా పిలిచి, డిటెక్టివ్ అందరినీ ముంగిట్లో కూర్చోబెట్టాడు.

"బ్రేకు వేసిన ప్రతి బండీ కాస్త పొడి రాలుస్తుంది. అది కంటికి ఆనదు. కానీ ఈ బస్సు ఎడమ బ్రేకు పట్టేసి వదలడం లేదు. ప్యాడ్ అరిగి, ఇనుముకి ఇనుము రాసుకుని, ఆ పొడే గోడ మీదుగా ఎగిరి దుప్పట్ల మీద పడుతోంది. బండి ఎడమకి లాగుతోందా?"

"పది రోజులుగా," అన్నాడు డ్రైవర్. "రోడ్డు వాలే కారణమనుకున్నాను. పొద్దున స్కూలు పిల్లలు నిండుగా ఎక్కుతారు సార్."

"ఇంకొన్నాళ్లయితే ఈ వాలులో బండి ఆగేది కాదు."

డ్రైవర్ అప్పటికప్పుడే డిపోకి ఫోన్ చేసి బస్సు పక్కన పెట్టించాడు. ఆస్పత్రివాళ్లతో డిటెక్టివ్ స్వయంగా మాట్లాడాడు, పని ఈ లాండ్రీకే ఉంచడానికి వాళ్లు సరేనన్నారు.

"నిన్ను అనవసరంగా అనుమానించాను అన్నయ్యా," అంది లాండ్రీ ఆవిడ.

"అది సరేగాని, చెయ్యి నయం కాగానే పెరట్లో రెండు ఇనప స్తంభాలు నిలబెడతా. తీగ అటు మార్చెయ్," అన్నాడు మేస్త్రీ.

ఆవిడ ఇంకో కుర్చీ తెచ్చి మేస్త్రీ పక్కనే వేసుకుని కూర్చుంది.