ఏదో తెలియని మందు

పొద్దున్నే ఉతికిన బట్టలు అల్మరాలో సర్దుతుంటే అత్తగారి చేతికి ఒక గుడ్డ సంచి తగిలింది. విప్పి చూస్తే లోపల పేరూ ఊరూ లేని తెల్లటి ట్యూబులు. లారీ తోలే కొడుకు మధ్యాహ్నానికి ఇంటికొస్తున్నాడు. పక్క గదిలో కోడలు ఎవరివో జాకెట్లు కుడుతోంది.

"ఏంటివి?"

మిషన్ ఆగింది. "మందు, అత్తయ్యా."

"పిల్లలు పుట్టకుండానా? మొగుడు ఊళ్లో లేనప్పుడు నీకు దీంతో పనేంటి?"

కోడలి మొహం పాలిపోయింది గానీ తల దించుకోలేదు. "ఆయన ఉన్నప్పుడే పని. ఆడవాళ్లు లోపల రాసుకునే జెల్ ఇది. హెచ్‌ఐవీ అంటుకోకుండా ఆపుతుందేమోనని ఆస్పత్రిలో పరీక్షిస్తున్నారు. ఒప్పుకుని చేరాను."

"ఆపుతుందా మరి?"

"ఇంకా తెలీదు. కొందరికి మందున్నది ఇస్తారు, కొందరికి ఉత్తది. నాదేదో డాక్టరమ్మకీ తెలీదు. దీన్నే నమ్ముకోవద్దు, కండోమ్ వాడమనే చెప్తారు. ఆ మాటంటే ఆయన నన్నే అనుమానిస్తావా అని పళ్లెం విసిరేశారు."

నా కొడుకు అలాంటివాడు కాదనబోయింది అత్తగారు. కానీ వాడి విడవని జ్వరాలు, ఒళ్లు తగ్గి బెల్టుకి కొత్తగా పొడిచిన చిల్లు, అన్నీ చూసీ చూడనట్టు తిరుగుతున్నది తనే.

వీధి మలుపులో లారీ హారన్ వినిపించింది. కోడలు సంచి అందుకోబోయింది. అత్తగారు ఇవ్వలేదు.

కొడుకు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అంది. "అన్నం తర్వాత, నాన్నా. ముందు రక్తపరీక్ష చేయించుకుందాం పద."

వాడు తల్లి చేతిలో సంచిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"అక్కర్లేదమ్మా. ఎండాకాలంలోనే చేయించుకున్నాను."

ఎండలు పోయి, వానలూ వెనకబట్టాయి. ఇన్నాళ్లూ వాడు వస్తూనే ఉన్నాడు, ఆ గదిలో పడుకుంటూనే ఉన్నాడు.

"తెలిసి కూడానా?" అంది కోడలు.

"చెప్తే వెళ్లిపోతావనుకున్నా."

కొడుకు తల మీదికి వెళ్లబోయిన తల్లి చెయ్యి మధ్యలోనే ఆగి, కోడలి భుజం మీద పడింది.

"రేపు నిన్ను తీసుకెళ్లి మందులు మొదలుపెట్టిస్తాను," అంది కొడుకుతో. "ఇవాళ ఈ పిల్లకి పరీక్ష చేయించడానికి వెళ్తున్నాను."

ఆస్పత్రి వరండా బెంచీ మీద ఇద్దరూ ఫలితం కోసం కూర్చున్నారు. "పొద్దున నోరు జారాను తల్లీ," అంది అత్తగారు. కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

నర్సు బయటికొచ్చింది. "ఇప్పటికి లేదమ్మా. కొన్నాళ్లాగి మళ్లీ చూడాలి."

'ఇప్పటికి' అన్న మాట ఇద్దరికీ గుచ్చుకుంది. అత్తగారు ఆ పిల్లని దగ్గరికి లాక్కుంది. అప్పుడు గానీ కోడలికి ఏడుపు రాలేదు.

"మళ్లీ వస్తాం," అంది అత్తగారు నర్సుతో. "ఎప్పుడు రమ్మంటే అప్పుడు, నేనే వెంటబెట్టుకొస్తాను."