ఎర్త్ వైరు

బర్మామైన్స్ బస్తీలో మా ముందుగది సగం బేస్ గిటారు యాంప్లిఫయరుదే. స్పీకరూ అదీ ఒకే పెట్టెలో ఉంటాయి. ట్రంకుపెట్టె కన్నా బరువు. వాయించేది మా ఆయన ఆదిబాబు. దుమ్ము దులిపేది, వదులైన గాజు వాల్వులు నొక్కేది, ఊడిన వైరు అతికేది నేను. చప్పట్లు మాత్రం ఆయనకే.

ఆ దసరాకి అగ్రికో పందిట్లో మా ఆడపడుచు చిలకమ్మ పాడాలి. అంతకు ముందు ఏడాది మా ఆయన ఆర్కెస్ట్రాలోనే పాడిన సూరమ్మ, గమ్హరియా పందిట్లో ఈ పెట్టెకే తగిలించిన మైకు పట్టుకునే చచ్చిపోయింది. వాన పడ్డ నేల. అమ్మవారి ఎదుట చెప్పులతో ఎక్కకూడదు కనక వట్టికాళ్ళు. ముట్టుతో స్టేజీ ఎక్కింది, తల్లి ఊరుకుంటుందా అన్నారు మగాళ్ళు. ఆమె ముట్టు సంగతి వాళ్ళకెవరు చెప్పారో ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం కూడా వానే. ఉక్కు కార్ఖానా వైపు ఆకాశం ఉండుండి ఎర్రబడుతోంది. మా ఆయన యాంప్లిఫయరు స్విచ్చి వేసి, వేడెక్కనివ్వమని చెప్పి, రిక్షా కోసం వెళ్ళాడు. వాల్వులు మెల్లగా నారింజ రంగుకి తిరిగాయి. దుమ్ము కాలుతున్న వాసన. ఆ వెనకే స్పీకరులో గురగుర.

ఆ గురగుర నాకు పాతదే. గిటారు తీగల మీద చెయ్యి వేస్తే ఆగుతుంది, తీస్తే మళ్ళీ వస్తుంది. గిటారు మంచం మీద ఉంది. నేను గుమ్మం దగ్గర చిలకమ్మకి జడ అల్లుతున్నాను.

గురగుర ఆగింది.

తల తిప్పాను. మంచం దగ్గర ఎవరూ లేరు. మళ్ళీ మొదలైంది... మళ్ళీ ఆగింది. ఎవరో తీగల మీద అరచెయ్యి ఆనించినట్టు. తీసినట్టు. ఆనించినట్టు...

లేచి గిటారు వైరు పీకేశాను. వాల్యూం పూర్తిగా తగ్గించాను. అయినా స్పీకరులోంచి ఏదో వస్తోంది. పాట ఎత్తుకునే ముందు పీల్చే ఊపిరి. పీల్చడమే... వదలడం లేదు.

చిలకమ్మకి అదేమీ వినబడలేదు. ఆ పెట్టెకే తగిలించిన మైకు దగ్గరికి వెళ్ళి, పెదాలకి ఆనించుకుని, చటుక్కున వెనక్కి జరిగింది.

"వదినా, మైకు కరుత్తంది."

పెట్టె తుడిచేటప్పుడు నా వేళ్ళకీ చీమలు పాకినట్టుండేది. మా ఆయనతో చెబితే, ఆడాళ్ళకి అన్నీ అనుమానాలే అనేవాడు. ఈసారి ఆయన్ని అడగలేదు. టెస్టరు తెచ్చి పెట్టె వెనక రేకుకి ఆనించాను. టెస్టరు వెలిగింది.

స్విచ్చి ఆపి ప్లగ్గు విప్పాను. కరెంటు పెట్టెలోకి లీకైతే నేలలోకి పంపే ఎర్త్ వైరు కోసేసి ఉంది. కొస మీద నల్ల టేపు, టేపు మీద దారంతో ముడి. మా ఆయన ఏది చుట్టినా అలాగే ముడేస్తాడు.

ఆయన తడుస్తూ వచ్చాడు. ప్లగ్గు చూపించాను.

"ఎవులు కోసినారిది?" గొంతు తగ్గించి అడిగాను.

ఆయన చెల్లెలి వైపు చూశాడు, నా వైపు చూశాడు. గమ్హరియాలో ఎర్త్ కలిపితే గురగుర మరీ ఎక్కువైందట. జనం నవ్వారట.

"ఆ ఒక్క పూటకే అనుకున్నాను," అన్నాడు. "తరవాత... చెప్పలేకపోనాను."

"ముట్టన్నారు. నువ్వూ తలూపినావు."



టేపు కోసి, వైరు గీకి, ఎర్త్ బిగించాను. ఈసారి టెస్టరు వెలగలేదు. గిటారు మళ్ళీ తగిలించి స్విచ్చి వేశాను. గురగుర వచ్చింది.

"ముందు నువ్వట్టుకో," అన్నాను.

తీగల మీద చెయ్యి వేశాడు. గురగుర ఆగలేదు. రెండో చెయ్యీ వేశాడు. ఆగలేదు.

రిక్షా ఎక్కడానికి వాకిట్లోకి వెళ్ళిన చిలకమ్మ గొంతు.

"వదినా, నా చెప్పులేవి? ఇక్కడే ఇడిసినాను."

గురగుర టక్కున ఆగింది.

ఎవరమూ ఎప్పుడూ చెప్పులు తేని మా గదిలో, మైకు ముందు, చిలకమ్మ చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. ఎవరో వాటిలో నిలబడ్డట్టు మెత్తటి రబ్బరు మడమల దగ్గర లోపలికి నొక్కుకుపోయి ఉంది. చుట్టూ నీళ్ళు ఊరుతున్నాయి. రెండూ మా ఆయన వైపే తిరిగి ఉన్నాయి.

స్పీకరులో ఎవరో ఊపిరి పీల్చారు...