చివరి రీలులో ఊపిరి

దెయ్యాలకి అర్ధరాత్రే కావాలని ఎవరన్నారో గానీ, వాళ్లు ఎప్పుడూ పొద్దున ఆటకి వెళ్లి ఉండరు. బయట ఎండ మాడు పగలగొడుతున్నా, హాలు తలుపు మూసుకుంటే లోపల చీకటికి వేళాపాళా ఉండదు. మేం వెళ్లింది పొద్దున ఆటకే.

మేం అంటే నేనూ, మా అక్కా. టికెట్లు మాత్రం మూడు.

"మూడోది ఎవరికక్కా?" అన్నాను.

"మీ బావకి. ఆయన సినిమాకి ఆయన్ని ఇంట్లో వదిలేసి వస్తానా?"

బావ పోయి అప్పటికి నాలుగైదు నెలలు. అక్క నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా అక్కతో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

బావ డబ్బింగ్ ఆర్టిస్టు. పరాయి భాష సినిమాల్లో వీరులు పెదవులు కదుపుతారు, మన హాల్లో వినపడే గొంతు ఆయనది. "తెరమీద గ్రహాలు పేల్చేస్తాడు, ఇంట్లో బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కుతాడు" అని అక్క ఆటపట్టించేది. నేను సౌండ్ మిక్సర్ని. ఆ గొంతునీ, సంగీతాన్నీ, చప్పుళ్లనీ కలిపి ఏది ఎంత వినపడాలో, ఎటువైపు నుంచి వినపడాలో సర్దడం నా పని. కళ్లు మూసుకుని కూడా ఏ శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలను. ఆ విద్య నాకు ఇన్నాళ్లూ అన్నం పెట్టింది. ఇప్పుడు ఆ విద్యే లేకపోతే బాగుండు అనిపిస్తోంది.

బావ ముక్కు దూలం కాస్త వంకర. ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వేసేది. స్టూడియోలో ఆ ఈలని మేం కడిగేసేవాళ్లం, అంటే మాట ఉంచి ఈల మాయం చేసేవాళ్లం. ఇంట్లో కడిగే నాథుడు లేడు. పెళ్లయిన నాటి నుంచీ అక్క ఆ ఈలని తిట్టిపోస్తూనే ఉండేది. మోచేత్తో పొడిచేది, దిండు మార్చేది, విసుగొచ్చి హాల్లో చాప పరుచుకునేది. తీరా ఆయన పోయాక, ఆ ఈల లేకుండా ఆమెకి నిద్ర పట్టడం మానేసింది. తను పనిచేసే కళ్లద్దాల షాపులో ఒకరి పవరు అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించి తిట్లు తినేది. ఇంటికొస్తే కాలుగాలిన పిల్లిలా గదుల్లో తిరుగుతూ ఉండేది. బుగ్గలు పీక్కుపోయాయి. "మాత్రలు పనిచేయడం లేదండీ. ఇలాగే ఉంటే మనిషి దక్కదు" అని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు.

నాకున్నది ఒక్కగానొక్క అక్క.

ఆ సినిమా సంగతి చెప్పాలి. ఆరిపోతున్న నక్షత్రం దగ్గరికి ఓడలో వెళ్లిన మనుషుల కథ. చివరికి ఒక్కడు మిగులుతాడు. తాడు తెగి, హెల్మెట్‌తో చీకట్లో తేలుతూ పోతాడు. చివరి రీలంతా మాటల్లేవు, ఊపిరే. (ఇప్పుడు రీళ్లెక్కడివి? అయినా మా వాళ్ల నోటికి ఆ మాటే అలవాటు.) మా దగ్గర ఊపిరిని ఎప్పుడూ ఆఖర్న రికార్డు చేస్తాం. రొప్పుతూ, ఆయాసపడుతూ నటిస్తే తల తిరుగుతుంది, ఆ తర్వాత గొంతు ఇంక మాటకి పనికిరాదు. బావ మాటలన్నీ ముగించి, "ఊపిరి రేపు చూద్దాంలేరా" అని కండువా దులుపుకుని వెళ్లాడు. ఆ రేపు రాలేదు. స్నానానికి వెళ్లిన మనిషి గుండె పట్టుకుని అక్కడే కూలిపోయాడు.

ఇంకొకర్ని పెట్టి ఊపిరి చేయిద్దామన్నారు మావాళ్లు. అక్క ఒప్పుకోలేదు.

"ఆయన నోట్లో ఇంకొకడి ఊపిరేంట్రా? నీ దగ్గర ఆయనది బోలెడు ఉంటుందిగా. అదే పెట్టు. ఇంకోటి... ఈల కడక్కు."

సరేనన్నాను. మాటకీ మాటకీ మధ్య, కాగితం తిప్పుకుంటూ, తన వంతు కోసం ఎదురుచూస్తూ ఆయన తీసుకున్న ఊపిర్లన్నీ ఏరాను. మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కదా. అవి నటించినవి కావు, హీరో కోసం తీసినవి కావు, ఆయన తన కోసం తాను పీల్చినవి. వాటిని అతికించి, పదే పదే తిరిగేలా లూపు చేశాను. హీరోకి గాలి అయిపోయే చోట దర్శకుడి సూచన ఒకటి ఉంది. చివరి ఊపిరి లోపలికి వెళ్లాలి, బయటికి రాకూడదు. సరిగ్గా అక్కడే కోశాను.

హాల్లో ఆ ఈల విని అక్క కరువుతీరా ఏడ్చి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోతుందని నా ఆశ. అందుకే ఊళ్లోకెల్లా పెద్ద తెర ఉన్న హాలుకి తీసుకెళ్లాను.

పెద్దదంటే మామూలు పెద్దది కాదు. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా, నేల నుంచి కప్పు దాకా తెరే. సీట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి, కిందకి చూస్తే కళ్లు తిరుగుతాయి. కొత్త తివాచీ వాసన, పాప్‌కార్న్ వెన్న వాసన, వాటి కింద చల్లటి ఏసీ గాలిలో తడిగుడ్డ వాసన లాంటిదేదో. గేటు దగ్గరతను చేతికిచ్చిన త్రీడీ కళ్లద్దాలని అక్క వెలుతురుకి ఎత్తి చూసి ముఖం చిట్లించింది.

"ఇవేం అద్దాలు, బాబోయ్! చేపల మార్కెట్‌లో తుడిచారా?"

చీర కొంగుతో మూడు జతలూ తుడిచింది. నాకొకటి, తనకొకటి. మూడోది తన ఎడమ పక్క ఖాళీ సీట్లో పెట్టి, దాని మీద హ్యాండ్‌బ్యాగ్ పెట్టింది. ఆ సీట్లు బరువు తీస్తే చటుక్కున పైకి మడుచుకునే రకం.

దీపాలు ఆరాయి.

ఎంత చెప్పినా తక్కువే, సినిమా అద్భుతం. నేనే కలిపిన శబ్దాలు నన్నే సీటుకి అదిమేశాయి. ఓడ ఇంజిన్ మోగితే పక్కటెముకలు అదిరాయి. బావ మొదటి మాట కొండంత తెర వెనక నుంచి వచ్చినప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది. "విన్నావా, బొద్దింక వీరుడు!" అని గుసగుసలాడింది. గొంతు వణికింది గానీ నవ్వుతోంది. అమ్మయ్య అనుకున్నాను. నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను కూడా.

చివరి రీలు మొదలైంది.

తాడు తెగింది. సంగీతం ఆగింది. తెరంతా నలుపు, అందులో తెల్లటి చుక్కలా మనిషి. హాలంతా నిశ్శబ్దం. పాప్‌కార్న్ నమిలేవాళ్లు కూడా దవడలు ఆపేశారు. ఈలతో ఊపిరి లోపలికి... మామూలుగా బయటికి. ఈలతో లోపలికి... బయటికి.

ఏదో తేడా కొట్టింది.

ఆ ఊపిరిని నేను తెర నడిమధ్యన పెట్టాను. మనిషి ఎక్కడ కనపడితే అక్కడి నుంచే వినపడాలని, ఇంకే స్పీకరుకీ ఇవ్వలేదు. ఇప్పుడది ముందు నుంచి రావడం లేదు. స్పీకరేదో పాడై ఉంటుందనుకుని చెవులు రిక్కించాను. కప్పు నుంచి కాదు. వెనక నుంచి కాదు. ఎడమవైపు నుంచి. దగ్గర్నుంచి. అక్కకి అవతల నుంచి...

అద్దాలు తీసి చూశాను.

హ్యాండ్‌బ్యాగ్ అక్క ఒళ్లో ఉంది. పక్క సీటు ఖాళీగానే ఉంది. కానీ మడుచుకోలేదు. కిందకి దిగి అలాగే ఉంది. బరువున్నట్టు.

"అక్కా," అన్నాను మెల్లగా.

పలకలేదు. కళ్లు తెరమీదే ఉన్నాయి. ముఖంలో నెలల తరబడి చూడని ప్రశాంతత. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. ఈలతో పాటు లేస్తోంది. ఊపిరితో పాటు దిగుతోంది. పొల్లుపోకుండా.

మొదట ఏమీ అనిపించలేదు. జోలపాటకి పిల్లలు ఊగినట్టు, అంతేలే అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. ఆ లూపు ఎక్కడ ఆగుతుందో ఈ హాల్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. లోపలికి పీల్చి... ఆగిపోతుంది. బయటికి రాదు. కోసింది నేనే.

"అక్కా, లే. పోదాం పద."

కదల్లేదు.

గిల్లాను. భుజం పట్టి కుదిపాను. చేతిమీద గట్టిగా కొట్టాను. తల ఊగింది గానీ ఊపిరి మాత్రం తప్పలేదు. లోపలికి... బయటికి... తెరమీద నక్షత్రం ఎర్రబడుతోంది. అది పూర్తిగా ఎర్రబడ్డాకే కోత.

రెండు చేతులూ చంకల కింద వేసి లేపాను. ఎండిపోయిన మనిషి, ఎంత బరువుంటుందని? లేవలేదు. అవతలి నుంచి ఎవరో రెండో చెయ్యి పట్టుకున్నట్టు, ఆమె ఎడమ చెయ్యి ఆ ఖాళీ సీటు మీదే ఉండిపోయింది. వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. ఏదో చేతిని పట్టుకున్నట్టు...

"కూర్చోవయ్యా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"బావా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. "బావా, నీకు దణ్ణం పెడతాను. అక్కని వదిలెయ్."

ఈల ఒక్కసారి తడబడింది. అంతే. నా లూపులో తడబాటు లేదు.

అక్క చెయ్యి పట్టు వదిలింది. ఆ నిచ్చెన మెట్ల మీదుగా, కాళ్లు తొక్కుతూ, తిట్లు తింటూ, అక్కని దాదాపు మోసుకుంటూ దిగాను. వెనక హాలంతా ఎర్రబడింది. నా నీడ గుమ్మం దాకా పొడుగ్గా పడింది. తలుపు తోసి బయటపడ్డాను. అది నెమ్మదిగా మూసుకుంటూ ఉండగా లోపల ఈల పొడుగ్గా లేచింది... తెగింది.

వరండాలో ఎండ పడుతోంది. అక్క గోడకి ఆనుకుని కళ్లు చికిలించింది.

"ఏంట్రా ఇది? చివర్లో ఏమైందో చూడనివ్వకుండా లాక్కొచ్చావ్!"

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అక్క కంగారుపడి నీళ్లు తాగించింది, నా వీపు నిమిరింది. "పిచ్చి సన్నాసీ, నేను ఏడవాల్సింది నువ్వు ఏడుస్తావేంట్రా" అంది. తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించింది.

"నిద్రొస్తోందిరా. ఎంత నిద్రొస్తోందో."

కారులోనే నిద్రపోయింది. ఇల్లు చేరాక మంచం మీద వాలి మళ్లీ పడుకుంది. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బంగారంలా నిద్రపోతోంది. డాక్టరుకి ఫోన్ చేసి చెబుదామని కూడా అనుకున్నాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాక వినపడింది. సన్నగా, లోపలికి పీల్చినప్పుడల్లా.

మా అక్క ముక్కు ఎప్పుడూ ఈల వేయలేదు.

జలుబేమోలే అనుకున్నాను. ఏసీ చల్లదనానికి పట్టి ఉంటుంది. మనిషికి కావాలంటే సవాలక్ష కారణాలు దొరుకుతాయి.

సాయంత్రం లేచింది. ముఖం కడుక్కుని, ఎన్నాళ్లకో తన చేత్తో టీ పెట్టింది. వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. కిటికీలోంచి ఇంకా వెలుతురు వస్తోంది, కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు కాక తిట్టుకుంటున్నారు. అక్క షాపు కబుర్లు చెబుతోంది. ఒకాయన మెడలో వేలాడుతున్న కళ్లద్దాల కోసం షాపంతా వెతికించాడట. నేను నవ్వుతున్నాను. నవ్వుతూనే, ఎందుకో, ఆ హాల్లో మధ్యాహ్నం ఆట ఎంతవరకూ వచ్చి ఉంటుందా అని మనసులో లెక్క వేసుకున్నాను.

చివరి రీలు నడుస్తూ ఉంటుంది.

"ఇంతకీ ఆయన అద్దాలు..." అంటూ అక్క గాలి పీల్చుకుంది. సన్నగా ఈల.

మాట రాలేదు.

కప్పు పెదవుల దగ్గరే ఆగింది. ఛాతీ లేచి అలాగే ఉండిపోయింది. కళ్లు నన్నే చూస్తున్నాయి, రెప్ప పడలేదు.

"అక్కా?"

వీధిలో స్కూటర్ స్టార్టయి వెళ్లిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం.

"అక్కా... వదులు. ఊపిరి వదులు!"

అప్పుడు వినపడింది. నింపాదిగా, తృప్తిగా, ఎవరో ఊపిరి వదిలారు. నేను కోసి పారేసిన ఆ మిగతా సగం.

శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం నా వృత్తి. అది బల్ల పక్కనున్న మూడో కుర్చీలోంచి వచ్చింది. అక్క ఛాతీ ఇంకా దిగలేదు.