ఇంజను మీద పసుపు గీత

కొత్తపేటలో సత్యానందం రేడియో రిపేరు షాపు తెలియనివాళ్లు లేరు. ఆయన ఇంటి వెనక గదిలో రైలింజన్లు ఉన్నాయని మాత్రం కొద్దిమందికే తెలుసు.

నిజం ఇంజన్లు కాదు. మూరెడు పొడుగు కూడా లేని లోహపు బొమ్మలు. అన్నీ డీజిల్ ఇంజన్లే. సత్యానందం అన్నగారు సాలమోను సరుకు ఓడల్లో పనిచేసేవాడు. ఏ దేశం రేవులో దిగినా పాతసామాన్ల సంతకి వెళ్లి, ఏ పిల్లలో ఆడి పారేసిన పాతకాలపు ఇంజన్లు ఏరి తెచ్చేవాడు. తుప్పు పట్టి, చక్రాలు ఊడి, రంగు పెచ్చులు లేచి వచ్చేవి. సత్యానందం వాటిని విప్పి, సొట్టలు తీసి, మోటారులో కాలిపోయిన తీగ మళ్లీ చుట్టి, రంగులు వేసి, బల్ల మీద గుండ్రంగా పరిచిన పట్టాల మీద నడిపేవాడు. రైలన్నదే లేని కోనసీమలో ఆ ఒక్క గదిలో రోజూ సాయంత్రం రైలింజను తిరిగేది.

సుందరి ఆయన రెండో భార్య. ముమ్మిడివరం పిల్ల, ఊళ్లో చిన్నపిల్లల బడిలో టీచరు. 1983 వేసవిలో పెళ్లయింది. మొదటి భార్య కృపమ్మ జ్వరంతో పోయి అప్పటికి రెండేళ్లు. ముందు గదిలో గోడకి కృపమ్మ ఫొటో ఉండేది. దాన్ని చూస్తే సుందరికి ఏమీ అనిపించేది కాదు. రోజూ తనే తుడిచేది. కడుపు మండింది వెనక గదిలోనే.

అక్కడ ప్రతి ఇంజను పక్కనా, ముక్కు నుంచి వెనక అంచు దాకా, ఒక పసుపు గీత ఉండేది. వెంట్రుకంత సన్నం. వంపు తిరిగే చోట కూడా లావు కాలేదు, వణకలేదు.

"ఇది అంటించిందా అండీ?" అని పెళ్లయిన కొత్తల్లో అడిగింది.

"కాదు. కృప వేసింది" అన్నాడు సత్యానందం. "తలుపేసుకుని ఒక్కర్తీ కూర్చుని వేసేది. స్కేలు కూడా పెట్టేది కాదు."

అంటూ బొటనవేలిని ఆ గీత మీద తగిలీ తగలనట్టు మెల్లగా నడిపించాడు. సుందరి చూస్తూ ఉండిపోయింది. తన చేతిని ఆయన అలా ఎన్నడూ ముట్టుకోలేదు.

ఆ పని తనూ నేర్చుకోవాలనుకుంది. కిరసనాయిల్లో చక్రాలు నానబెట్టడం, తుప్పు గీకడం, టంకం పెట్టడం అన్నీ పట్టుబట్టి నేర్చుకుంది. వేళ్లు కాలేయి. సత్యానందం "బాగుంది" అనేవాడు, రేడియో బాగుచేయించుకోడానికి వచ్చినవాళ్లతో అన్నట్టే. గీత దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది వద్దులే సుందరీ, పాడైపోద్ది" అనేవాడు.

అలమారు పై అరలో ఒక ఆకుపచ్చ ఇంజను ఉంది. కృపమ్మ చివర పట్టుకున్నది. దాని మీద గీత సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆదివారం ఆరాధన నుంచి రాగానే సత్యానందం దాన్ని దించి, మెత్తటి గుడ్డ విప్పి, కాసేపు చూసుకుని, మళ్లీ చుట్టి పెట్టేసేవాడు. అన్నం చల్లారిపోయేది.

పోయినావిడతో పోటీ ఏమిటని సుందరి తనకి తనే చెప్పుకునేది. చెప్పుకున్నకొద్దీ ఆ మంట పెరిగేది.

అక్టోబరులో తుఫాను పట్టింది. సత్యానందం షాపు సామాను కోసం రావులపాలెం వెళ్లాడు. దారిలో చెట్లు పడ్డాయని, బస్సులు ఆగిపోయాయని పక్కింటివాళ్లు చెప్పారు. బడికి సెలవు. కరెంటు పొద్దున్నే పోయింది. మధ్యాహ్నానికే సందెపొద్దులా చీకటి కమ్మింది. బయట కొబ్బరిచెట్లు ఊగుతుంటే మట్టలు ఒకదానికొకటి రాసుకుంటూ ఒకటే రొద. ఇల్లంతా తడిసిన పెంకు వాసన.

సుందరి లాంతరు వెలిగించుకుని వెనక గదిలోకి వెళ్లింది. ముక్కాలిపీట ఎక్కి ఆకుపచ్చ ఇంజను దించింది. గుడ్డ విప్పింది. సగం గీత లాంతరు వెలుగులో మెరిసింది.

గుడ్డపేలికని థిన్నరులో ముంచి, ఆ గీతని తుడిచేసింది.

అంత తేలిగ్గా పోతుందనుకోలేదు. పేలికకి పసుపు అంటింది. గుండెలో ఏదో దిగినట్టయింది, భయమో సంతోషమో తెలియలేదు. వెంటనే పసుపు రంగు కలిపి, కృపమ్మ వాడిన సన్నటి బ్రష్షే తీసుకుని, ముక్కు దగ్గర ఆనించింది. జానెడు కూడా సాగకుండానే గీత వంకర పోయింది. తుడిచింది. మళ్లీ వేసింది. మళ్లీ వంకర. ఆయన వచ్చి చూస్తే ఏమంటారు? ఉన్నదీ పోయింది. తనదీ రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు వెనక చప్పుడైంది.

టక్… టక్… టక్…

పట్టాల అతుకుల మీద చక్రాలు పడే చప్పుడు. రోజూ వినేదే. కానీ కరెంటు లేదు. సుందరి తల తిప్పలేదు. చప్పుడు బల్ల చుట్టూ తిరిగింది… ఆవలి మూలకి పోయింది… మళ్లీ దగ్గరకొచ్చింది. సరిగ్గా ఆమె కుర్చీ వెనక ఆగింది.

వాన హోరు కూడా దూరమైపోయినట్టుంది. లాంతరు కదలకుండా వెలుగుతోంది. థిన్నరు వాసన పోయి, ఎప్పుడూ ఎరగని వాసన ఏదో వచ్చింది. మూతపెట్టిన ఇనప్పెట్టె తెరిచినట్టు.

కుడిచేతి మీద చల్లగా తగిలింది.

ఇంకో చెయ్యి.

కనపడలేదు. తెలిసింది. వేళ్లు ఒక్కొక్కటే వచ్చి ఆమె వేళ్ల సందుల్లో దూరాయి. బిగుసుకున్నాయి. చెవి పక్కన, ఊపిరి లేని మాట…

"బిగపట్టు."

సుందరి ఊపిరి బిగపట్టింది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ నోట రాని మాట అప్పుడు వచ్చింది.

"అక్కా…"

చెయ్యి కదిలింది. బ్రష్షు కదిలింది. ముక్కు నుంచి వంపు దాకా… వంపు దాటి… వెనక అంచు దాకా. ఒక్క గీత. తర్వాత వేళ్లు వదిలాయి.

సుందరి ముందు గదిలోకి పరిగెత్తి, దుప్పటి కప్పుకుని, వచ్చిన కీర్తనలన్నీ గొణుక్కుంటూ మూల కూర్చుంది.

మర్నాడు సత్యానందం వచ్చాడు. ఆకుపచ్చ ఇంజను బల్ల మీదే ఉంది. దాన్ని చూసి ఆగిపోయాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. సుందరి తలుపు పట్టుకుని నిలబడింది. చేసింది చెప్పేద్దామనే అనుకుంది.

"ఎవరేశారిది?" అన్నాడు.

"నేనేనండీ."

సత్యానందం ఇంజను కింద పెట్టి, ఆమె కుడిచెయ్యి రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

ఆ ఒక్క మాటకి సుందరి భయం సగం పోయింది. మిగతా సగం ఆయన తర్వాత చూపించిన ప్రేమతో పోయింది. ఇప్పుడాయన అన్నం వేడిగా ఉండగానే తినడానికి వచ్చేవాడు. షాపు నుంచి వస్తూ చేమంతిపూలు తెచ్చేవాడు. పాత గీతలు వెలిసిన ఇంజన్లన్నీ ఒక్కొక్కటే దించి ఆమె ముందు పెట్టేవాడు. ఆమె తలుపేసుకుని కూర్చునేది. బ్రష్షు ఆనించగానే చల్లగా వచ్చేది ఆ చెయ్యి.

"కృప కన్నా నువ్వే బాగా వేస్తున్నావు" అన్నాడొక సాయంత్రం.

సుందరి ముందు గదిలోకి వెళ్లి ఫొటో ఎదురుగా నిలబడింది. నవ్వొచ్చింది. నీ చేత్తోనే నీ మొగుణ్ణి గెలుచుకున్నానక్కా, అనుకుంది. మళ్లీ అంతలోనే ఏదో గుచ్చుకుంది. ఆయన చూసేది తననా, గీతనా? మెచ్చుకునేది ఎవరి చేతిని?

పైగా ఆ చెయ్యి గీత పూర్తయ్యాక వెంటనే వదలడం మానేసింది. మొదట ఒక క్షణం. తర్వాత ఇంకాస్త. ఒకరోజు బడిలో నల్లబల్ల మీద అక్షరాలు రాస్తుంటే, సుద్దముక్క 'అ' దగ్గర ఆగకుండా సాగి, బల్ల చివరి దాకా తిన్నటి గీత గీసింది. పిల్లలు నవ్వారు. సుందరి కూడా నవ్వినట్టు చేసింది.

ఈస్టరుకి సాలమోను సెలవు మీద ఊరొచ్చాడు. ఈసారి ఇంజను తేలేదు. "దొరకలేదురా" అన్నాడు తమ్ముడితో. వెనక గదిలోకి వెళ్లి అలమారు చూసి, బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సత్యానందం లోపల రంగు కలుపుకుంటున్నాడు. సుందరి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"అమ్మా, ఆ గీతలు నువ్వేనా?"

"ఆయ్, బావగారూ."

సాలమోను గ్లాసు కింద పెట్టాడు. లోపలికి ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "నీ చెయ్యి ఎవరన్నా పట్టుకుంటున్నారా?"

సుందరి అరుగు మీద కూలబడింది. ఇన్నాళ్లకి ఒకరు అడిగారు. ఏడుపొచ్చింది.

"అక్కేనండీ" అంది మెల్లగా. "కృపక్క."

సాలమోను తల అడ్డంగా తిప్పాడు.

"కృపమ్మ కూడా ఇక్కడే, ఈ అరుగు మీదే అడిగిందమ్మా నన్ను. బావగారూ, మీ తమ్ముడికి నాకన్నా ముందు ఎవరైనా ఉండేవారా అని. ఎవరో ఆవిడ వచ్చి తన చెయ్యి పట్టుకుంటోందని, ఆయనకి ఆవిడ గీతే ఇష్టం కానీ నేను కాదని ఏడ్చింది. జ్వరం మాటలనుకున్నాను."

"ఉండేవారా అండీ?" అంది సుందరి.

"లేరమ్మా. ఎవ్వరూ లేరు."

కొబ్బరాకుల నీడలు వాకిట్లో కదులుతున్నాయి. లోపల సత్యానందం ఏదో కీర్తన కూనిరాగం తీస్తున్నాడు. సాలమోను గ్లాసు పక్కకి జరిపి, మళ్లీ అన్నాడు.

"కృపమ్మని పెట్టెలో పెట్టినప్పుడు నేనున్నాను. రెండు చేతులూ కలిపి గుండెల మీద పెట్టమన్నారు పాస్టరు గారు. ఎడమచెయ్యి వచ్చింది. కుడిచేతి వేళ్లు మాత్రం దగ్గరికి రాలేదు. ఎంత నొక్కినా ఎడం ఎడంగానే ఉండిపోయేయి. సందుల్లో ఇంకెవరివో వేళ్లు ఉన్నట్టు."

"సుందరీ" అని సత్యానందం లోపల్నుంచి పిలిచాడు, ఎంతో ప్రేమగా. "రంగు కలిపాను. రా."

సుందరి లేవకూడదనుకుంది. రెండు కాళ్లూ నేలకి తన్నిపెట్టి, ఎడమచేత్తో అరుగు అంచు గట్టిగా పట్టుకుంది.

కుడిచెయ్యి మాత్రం దానంతటదే లేచింది.