చేపల గోడౌన్లో ఒక్క నిమిషం

ఆ చేపల గోడౌన్ దారిన పొద్దుగూకాక ఎవరూ పోరు. పోక తప్పకపోతే ముక్కు మూసుకుని, వీలైతే చెవులు కూడా మూసుకుని పోతారు. ముక్కెందుకో చెప్పక్కర్లేదు — మూతబడి ఏడేళ్లయినా గోడలకి పట్టిన నీచుకంపు ఇంకా వదల్లేదు. చెవులెందుకంటే... లోపలి ఐసు గదిలోంచి ఎవరో తలుపు కొడతారట.

ఎప్పుడో ఒక కూలీ ఆ గదిలో ఉండగా తలుపు మూసుకుపోయిందట. లోపలివైపు పిడి విరిగిపోయి ఉందట. తెల్లారి తెరిచేసరికి మనిషి బిగుసుకుపోయి ఉన్నాడట. అప్పట్నుంచీ రాత్రిళ్లు... టక్. టక్. టక్. విన్నామని చెప్పినవాళ్లు బోలెడుమంది. తెరిచి చూశామని చెప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మన దరువుకి సినిమా తియ్యడానికి సరిగ్గా ఆ చోటే కావాల్సొచ్చింది.

దరువంటే వాడి అసలు పేరు కాదులెండి, సినిమా కాలేజీలో తోటివాళ్లు తగిలించింది. వాడికి ఎలక్ట్రానిక్ సంగీతం పిచ్చి. వాయిద్యమన్నది చేత్తో ముట్టుకోడు. లిఫ్టు మోత, మిక్సీ గోల, పక్కింటాయన దగ్గు — ఏది దొరికితే అది రికార్డు చేసి, కంప్యూటర్లో ముక్కలు చేసి, తిప్పితిప్పి వాయించి పాట కడతాడు. అన్నం తినేటప్పుడు కూడా హెడ్‌ఫోన్లు తియ్యడు. వాళ్లక్కకి ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి కంచం పక్కన పెట్టాల్సిందే.

పోయినేడు వాడు తీసిన సినిమా చూసి మాస్టారు పెదవి విరిచారు. "బొమ్మ బాగుంది, చప్పుడు బాగుంది. మనిషేడయ్యా ఇందులో?" అన్నారు. అంతే, ఫెయిలు. ఈ ఏడాది ఆఖరి అవకాశం. పది నిమిషాల సినిమా. ఇది కూడా తిరిగొచ్చిందంటే చదువు సగంలోనే ఆగిపోయినట్టు, నాలుగేళ్లూ నీళ్లలో కలిసినట్టు.

అందుకని ఈసారి మనిషిని పెట్టాడు. ఎలా పెట్టాడో వినండి.

కథలో గోడౌన్ కూలీ నేల మీద పడిపోవాలి. "నిజంగా ఉండాలి" అని మార్కెట్ నుంచి రెండ్రోజుల నాటి చేప పేగులు ఒక తొట్టెడు తెప్పించాడు. ఆ తొట్టి మూత తీసేసరికే లైట్లు పట్టుకున్నవాడు పరుగందుకున్నాడు. తూకాల హాల్లో, ఐసు గది ఎదురుగా, ఆ పేగులు కుమ్మరించి, వాటిలో తన క్లాసు కుర్రాణ్ణే బోర్లా పడుకోబెట్టాడు. నాలుగో టేకులో పాపం వాడు నిజంగానే కక్కుకున్నాడు. దరువు హెడ్‌ఫోన్లు సర్దుకుని ఏమన్నాడో తెలుసా?

"అబ్బ, ఆ చప్పుడు భలే ఉందిరా! ఇంకోసారి వస్తుందా?"

ఛీ.

గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన ఒకడున్నాడు. అందరూ తాతా అంటారు. ఆయన పొద్దున్నే వచ్చి ఒక్క మాట చెప్పాడు — "బాబూ, ఏమైనా చేసుకోండి గానీ, ఐసు గది తలుపు కింద ఆ కొయ్య దిమ్మ మాత్రం కదపొద్దు. తలుపు దానంతటదే మూసుకుంటుంది. లోపల పిడి లేదు."

"అలాగే తాతా. నీ గేటు కూడా సినిమాలో పెడతాలే. వేసే రోజు కార్డు పంపిస్తా, వచ్చి చూద్దువుగాని" అన్నాడు దరువు.

గంట తిరక్కుండానే ఆ దిమ్మ వాడి కంటికి అడ్డమొచ్చింది. ఫ్రేములో పడుతోందట. తీసేసి, తలుపుని ఒకడిచేత పట్టించాడు. తీసిన దిమ్మని లైటు స్టాండు కింద ఎత్తుకి పెట్టారు. సాయంత్రం ఆరింటికి పని ముగిశాక ఆ పేగుల తొట్టిని ఐసు గదిలోకి తోసేసి, నేలమీద మిగిలింది కాళ్లతో అటే నెట్టి, తలుపు దబ్బున మూసి, సామానంతా వ్యానుకెత్తారు. దిమ్మ కూడా సామానుతోపాటే వెళ్లిపోయింది.

రాత్రి తొమ్మిదిన్నరకి తన గదిలో కూర్చుని సినిమా అతుకుతుంటే దరువుకి ముచ్చెమటలు పోశాయి.

ఖాళీ చప్పుడు తీసుకోలేదు!

అదేంటంటే — ఏ గదీ పూర్తిగా నిశ్శబ్దంగా ఉండదు. ప్రతి గదికీ తనదైన ఒక సన్నని హోరుంటుంది. అందుకే సినిమావాళ్లు షూటింగ్ అయిపోగానే అందర్నీ కదలకుండా నిలబెట్టి, ఒక్క నిమిషం ఆ ఉత్త హోరుని రికార్డు చేసుకుంటారు. మాటకీ మాటకీ మధ్య అదే పరుస్తారు. అది లేకపోతే ప్రతి అతుకు దగ్గరా చెవిలో గొయ్యి పడుతుంది. మొదటి ఏడాది మొదటి పాఠం అది. కంపుకి తాళలేక ఎప్పుడెప్పుడు బయటపడదామా అని అందరూ పరిగెత్తారు, అందరికంటే ముందు డైరెక్టరుగారే పరిగెత్తారు.

పొద్దున పదింటికల్లా సినిమా అప్పజెప్పాలి. చేసేదేముంది? రికార్డరు సంచిలో వేసుకుని ఒక్కడే బయల్దేరాడు.

పదకొండయింది. గోడౌన్ గేటు ఓరగా తీసి ఉంది. తాత మంచం ఖాళీ. మంచం మీద రేడియో సన్నగా గొణుగుతోంది... అన్నం పళ్లెం మీద బోర్లించిన పళ్లెం అలాగే ఉంది. ఎక్కడో చుట్ట కాల్చుకుంటూ ఉంటాడనుకున్నాడు దరువు. పిలవలేదు. పిలిస్తే కబుర్లు మొదలుపెడతాడని భయం.

తూకాల హాల్లో టార్చి వేశాడు. నేలంతా జిగురు. చెప్పు ఎత్తితే తీగలు సాగుతోంది. సగం ఎండిన పేగుల మీద బొద్దింకలు గుంపుగా చేరి తింటున్నాయి. వెలుగు పడినా కదల్లేదు. చొక్కా అంచు నోట్లో కుక్కుకున్నాడు.

ఐసు గది తలుపు మూసి ఉంది. దాని పక్కన ఒక చీపురు, ఒక బకెట్టు. బకెట్లో సబ్బునురగ ఇంకా పూర్తిగా చావలేదు. ఎక్కడినుంచో అందులోకి చుక్క పడుతోంది. ఆ చప్పుడు రికార్డులో పడుతుందని బకెట్టుని కాలితో అవతలికి జరిపాడు.

మైకు నిలబెట్టాడు. టార్చి ఆర్పాడు. అలవాటుకొద్దీ ఎవరూ లేని చీకట్లోకి మెల్లగా అన్నాడు —

"ఎవరూ కదలొద్దు... రికార్డు చేస్తున్నా."

పది సెకన్లు. హోరు. ఇరవై సెకన్లు...

టక్. టక్. టక్.

దరువు గుండె జారిపోయింది. ఊపిరి బిగబట్టి విన్నాడు.

టక్. టక్. టక్. కాసేపు ఆగి... మళ్లీ మూడు.

పైపులు అయ్యుంటాయి అనుకున్నాడు. పగలంతా లైట్ల వేడికి కాగి ఇప్పుడు చల్లారుతున్నాయి, అంతే. దెయ్యం లేదూ గియ్యం లేదూ. అలా సర్ది చెప్పుకున్నాక వాడి చెవి మేలుకుంది. ఆ ఇనుప తలుపు లోతు, ఆ బరువు, ఆ మధ్య ఖాళీ... ఏ కంప్యూటరూ పుట్టించలేని చప్పుడు! భయం ఎటు పోయిందో పోయింది. జేబులోంచి బొత్తామంత మైకు తీశాడు. దేనికైనా అంటిస్తే దాని లోపలి చప్పుడు పట్టేసే మైకు అది. మెల్లగా వెళ్లి తలుపుకి అంటించబోయాడు. ఏడేళ్ల కొవ్వు అరచేతికి మెత్తగా, వెచ్చగా తగిలింది. వాంతి గొంతుదాకా వచ్చింది. మింగేసి, మైకు అంటించి, రికార్డు మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు.

ఇప్పుడు ప్రతి దెబ్బా హెడ్‌ఫోన్లలో పెద్దగా మోగుతోంది. మూడు దెబ్బలు, ఖాళీ. మూడు దెబ్బలు, ఖాళీ. వాడి బొటనవేలు దానంతటదే తాళం వేసింది. ఆ ఖాళీలో ఇంకో రెండు పడితే... అబ్బా! చేతి ఉంగరంతో తలుపు మీద తనే కొట్టాడు.

టక్, టక్.

లోపల చప్పుడు ఆగిపోయింది.

ఒక క్షణం... రెండు క్షణాలు...

ఆ తర్వాత తలుపు దడదడలాడింది. దెబ్బ మీద దెబ్బ, లెక్కాపత్రం లేకుండా. ఆ మోత వెనకాల ఏదో మూలుగు — మాటో ఏడుపో తెలీదు.

పైపులు బదులు చెప్పవు. ఆ సంగతి దరువుకి తెలుసు. పారిపోదామని ఒక కాలు వెనక్కి వేశాడు... కళ్లు రికార్డరు మీద పడ్డాయి. యాభై నాలుగు సెకన్లు. నిమిషానికి ఇంకా ఆరు తక్కువ.

ఆ ఆరు సెకన్లూ కదలకుండా నిలబడ్డాడు. నిలబడి, మైకు పీక్కుని, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

ఇంటికి చేరేసరికి నర్సుద్యోగం చేసే అక్క డ్యూటీ దిగి వచ్చి ఉంది. తలుపు తీస్తూనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఛీ ఛీ! ఏంట్రా ఈ కంపు! లోపలికి రాకు, ముందు ఒళ్లు తోముకో!"

"ముందు ఇది వినక్కా. ఒక్కసారి విను."

హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకి తగిలించాడు. ఆవిడ విన్నది. మొహంలో చిరాకు పోయి ఇంకేదో వచ్చింది.

"ఇది... ఎవరో తలుపు కొడుతున్నట్టుంది కదరా. లోపల ఎవరైనా ఉన్నారేమో చూశావా?"

"ఎవరుంటారక్కా? ఏడేళ్ల నుంచి ఖాళీ."

"చూశావా, లేదా?"

దరువు ఆవిడ చెవుల మీంచి హెడ్‌ఫోన్లు లాక్కున్నాడు. "చూశాను. ఎవరూ లేరు."

ఆ రాత్రంతా కూర్చుని ఆ దెబ్బల్ని కోశాడు, పేర్చాడు. చివర్లో తలుపు దడదడలాడే ముక్కని సినిమా పతాక ఘట్టానికి పెట్టాడు. ఆ మూలుగుని సాగదీసి తీగలా కింద పరిచాడు. తెల్లవారుజామున ఒకసారి మొత్తం వేసుకుని వింటే వాడికే ఒళ్లు గగుర్పొడిచింది. పదింటికి ఐదు నిమిషాలు ఉందనగా అప్పజెప్పేశాడు. తర్వాత ఆ గోడౌన్ దారిన మళ్లీ పోలేదు. ఎవర్నీ ఏమీ అడగలేదు.

మూడు వారాల తర్వాత కాలేజీ థియేటర్లో సినిమా వేశారు. చివరి రెండు నిమిషాలూ ఎవరూ ఊపిరి తియ్యలేదు. లైట్లు వెలిగాక మాస్టారు లేచి వచ్చి దరువు వీపు తట్టారు.

"ఈసారి పట్టావయ్యా. ఆ చప్పుడులో మనిషున్నాడు."

చప్పట్లు. అక్క కళ్లు తుడుచుకుంటూ వాడి భుజమ్మీద చెయ్యి వేసింది. దరువు గాల్లో తేలుతున్నాడు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలాయన గోడ పట్టుకుని నెమ్మదిగా దిగివచ్చాడు. చేతిలో కాలేజీ పంపిన కార్డు. గోడౌన్ తాత. సగానికి సగం చిక్కిపోయాడు. కుడిచెయ్యి కట్టులోంచి వేళ్ల కొసలు కనిపిస్తున్నాయి... రెండు వేళ్లకి గోళ్లు లేవు.

"బాగా తీశావు బాబూ. నా గేటు కనపడింది" అన్నాడు. కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "ఆ చప్పుడు... అది నాదే బాబూ."

దరువు కళ్లు ఆ చేతి కట్టు మీద పడ్డాయి.

"మీరెళ్లాక తొట్టి తీసి పారేద్దామని లోపలికెళ్లా. తలుపు తీసి, కాలికి తగిలిందేదో దిమ్మేననుకుని అడ్డం తోశా. చీకట్లో చూసుకోలేదు. తలుపు పడిపోయింది. పదహారు గంటలు బాబూ... ఆ పేగుల మధ్యే. పురుగులు పాకేవి. దులుపుకోడానికి ఓపిక కూడా పోయింది. మర్నాడు పదకొండింటికి పాత ఇనుము కొనేవాళ్లొచ్చి తెరిచారు."

"తాతా, నేను..."

"లోపల దెయ్యముందంటారు కదా? అంతా ఒట్టిది. రాత్రంతా ఉన్నాగా, లోపలేం లేదు." తాత అటూ ఇటూ చూసి ఇంకా దగ్గరికి వంగాడు. "అది బయటుంది బాబూ. నేను మూడు కొడితే తిరిగి రెండు కొట్టింది. బతికిపోయాన్రా దేవుడా అనుకుని చేతులు పగిలేలా బాదాను. అది అక్కడే నిలబడి వింది. నాకు తెలుస్తూనే ఉంది, నిలబడి వింటోందని... తర్వాత పరిగెత్తుకుంటూ వెళ్లిపోయింది."

థియేటర్లో ఇంకా ఎవరో చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

"ఇది రికార్డు చేశావంటే నువ్వూ ఆ రాత్రి అక్కడే ఉన్నావన్నమాటేగా?" తాత కళ్లలో భయం తప్ప ఇంకేం లేదు. "నీక్కనపడిందా బాబూ? ఎలా ఉంది అది?"

దరువు మెడలోని హెడ్‌ఫోన్లు చెవుల మీదికి లాక్కున్నాడు.

అక్క వాడి భుజమ్మీంచి చెయ్యి తీసేసింది. తీసిన చేతిని కొంగుకి తుడుచుకుంది. తుడుచుకున్నాక ఇంకోసారి తుడుచుకుంది.