గొర్రెలకు పెట్టిన పరీక్ష

వేదవతి ఏటికి వరదొచ్చి, ఊరి ముందరి చిన్న వంతెన కొట్టుకుపోయిన ఏడాది ఇది జరిగింది. ఆ ఏడు గుమ్మఘట్ట వైపు బీళ్ళలో కూడా గడ్డి మొలిచింది. గడ్డి దొరికితే గొర్రెలు బాగా ఈనుతాయి. చలికాలం వచ్చేసరికి సుంకప్ప గొర్రెల దొడ్డిలో ఎటు చూసినా పిల్లలే.

సుంకప్ప కొడుకు వీరేష్. ఆరో తరగతి. ఒక మధ్యాహ్నం బడిలో అతను లేచి నిలబడి ఉన్నాడు. తప్పు చేసి కాదు. కోపం వచ్చి.

సైన్సు చెప్పే పుష్పావతి టీచరు అంతకుముందే బోర్డు మీద ఒక నిచ్చెన గీసింది. కింది మెట్టు మీద చీమ అని రాసింది. మధ్య మెట్టు మీద గొర్రె. పై మెట్టు మీద మనిషి.

"తెలివిలో ఎవరు ఎక్కడున్నారో అని మనం గీసుకున్న నిచ్చెన ఇది. ఇంతటితో అయిపోయిందా?" అని అడిగింది.

"అయిపోయింది టీచర్" అన్నారు పిల్లలందరూ.

టీచరు సుద్దముక్కతో నిచ్చెనను ఇంకా పైకి గీసుకుంటూ పోయింది. మనిషి పైన ఒక మెట్టు. దాని పైన ఇంకొకటి. బోర్డు అంచు వచ్చేసింది. అక్కడ ఆగింది.

"ఆకాశంలో లెక్కలేనన్ని నక్షత్రాలున్నాయి. వాటి దగ్గర ఎక్కడైనా ఎవరైనా ఉన్నారో లేదో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఒకవేళ ఉంటే, మనకంటే చాలా తెలివైనవాళ్ళు కావచ్చు. వాళ్ళకు మనం ఎట్లా కనపడతాం?"

వెనక బెంచీ నుంచి రేఖ అంది: "మనకు గొర్రెలు కనపడినట్ల టీచర్."

"కావచ్చు" అంది టీచరు.

వీరేష్ లేచి నిలబడింది అప్పుడే. ఖాళీగా ఉన్న పై మెట్లు అతనికి నచ్చలేదు. మనిషి పైన ఇంకా మెట్లు ఉండొచ్చని అతను ఎప్పుడూ అనుకోలేదు.

"గొర్రెకు తెలివే ఉండదు టీచర్. మాకు మంద ఉండాది. నాకు తెల్సు. ఒకటి యాడికి పోతే అన్నీ ఆడికే పోతాయి."

"మొన్న ఎవురో పోయినారని నువ్వు కూడా ఎనిమిదో తరగతి రూములోకి పోయి కూసున్యావు కదప్పా" అంది రేఖ.

అందరూ నవ్వారు. వీరేష్ చెవులు వేడెక్కాయి.

"గొర్రెకు తెలివి లేదని ఎట్లా చెప్తావు వీరేష్? పరీక్ష పెట్టి చూశావా?" అంది టీచరు.

"లేదు టీచర్. ఈ పొద్దే పెడతా. సున్నా వస్తాది. రేపొచ్చి చెప్తా."

ఇంటికి పోయేదాకా అతను అదే ఆలోచించాడు.

పొద్దున సుంకప్ప పెద్ద గొర్రెలను మేతకు తోలుకుపోతాడు. పిల్లలు దొడ్డిలోనే ఉంటాయి. సాయంత్రం మంద తిరిగి రాగానే పిల్లలన్నీ తల్లుల మీదికి ఉరుకుతాయి. అంత గుంపులో కూడా ప్రతి గొర్రె తన పిల్లకే పాలిస్తుంది. పరాయి పిల్ల వస్తే పక్కకు తోసేస్తుంది.

"ఎట్లా కనుక్కుంటాయి నాయనా?" అని వీరేష్ చిన్నప్పుడు అడిగాడు.

"వాసన పడతాయి" అన్నాడు సుంకప్ప.

అయితే వాసన అంటే చిట్టీ లాంటిది, అనుకున్నాడు వీరేష్. చిట్టీ పెట్టుకుని రాస్తే అది తెలివి కాదు. పరీక్ష అంటే ముందు చిట్టీలు తీసేయాలి.

ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ మల్లీశ్వరి చెనిక్కాయలు ఒలిచే కూలికి పోయింది. వీరేష్ గూట్లో ఉన్న షాంపూ పొట్లాలు తీశాడు. అమ్మ పౌడరు డబ్బా తీశాడు. బకెట్టుతో నీళ్ళు పట్టుకుని దొడ్డిలోకి పోయాడు.

చేతికి అందిన నాలుగు పిల్లలను పట్టుకుని నురగ వచ్చేదాకా రుద్దాడు. కడిగాడు. వాటి మీద పౌడరు చల్లి మళ్ళీ రుద్దాడు. అందులో చివరిది మరీ చిన్నది. బొల్లి అని పిలిచే తెల్లచెవుల గొర్రెకు మొన్ననే పుట్టింది. ఇంకా సరిగ్గా ఎగరడం కూడా రాదు. అది అరవను కూడా లేదు. అతని చేతుల్లో గజగజ వణికింది.

"ఆరిపోతావులే" అన్నాడు వీరేష్.

తర్వాత వాకిలి పక్కన ఉన్న పెద్ద బండ ఎక్కి నిలబడ్డాడు. అక్కడి నుంచి దొడ్డి అంతా కనపడుతుంది. ఆకాశం నుంచి దిగినవాళ్ళు ఇట్లాగే నిలబడి చూస్తారేమో అనుకున్నాడు. ఆ ఆలోచన అతనికి బాగా నచ్చింది.

పొద్దు వాలుతుండగా దుమ్ము లేచింది. మంద వచ్చింది. సుంకప్ప ముళ్ళకంప పక్కకు లాగాడు.

ఒక్కసారిగా అరుపులు. పిల్లలు తల్లుల కిందికి దూరాయి. కడిగిన పిల్లలు కూడా ఉరికాయి. ఒక గొర్రె తన పిల్లను వాసన చూసి గట్టిగా తుమ్మింది. వెనక్కి తగ్గింది. ఇంకొకటి ముక్కు తిప్పుకుని పోయింది.

"సున్నా" అన్నాడు వీరేష్ బండ మీద నుంచి.

కానీ తుమ్మిన గొర్రె దూరంగా పోలేదు. తల ఎత్తి అరిచింది. పిల్ల బదులు పలికింది. గొర్రె దగ్గరికొచ్చి వాసన చూసింది, మళ్ళీ వెనక్కి పోయింది. మళ్ళీ అరిచింది. పిల్ల మళ్ళీ పలికింది. ముక్కు కాదంటోంది, చెవి ఔనంటోంది. కాసేపటికి అది మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది. పిల్ల పొదుగు కిందికి దూరింది.

తర్వాత రెండోది. తర్వాత మూడోది.

వీరేష్ నోరు తెరిచాడు. చిట్టీలన్నీ తీసేశాడు కదా. అయినా రాస్తున్నాయి.

నాలుగోది మాత్రం గుర్తుపట్టలేదు.

బొల్లి దొడ్డి అంతా తిరుగుతోంది. ప్రతి మూలకూ పోయి అరుస్తోంది. దాని పిల్ల దాని కాళ్ళ దగ్గరే ఉంది. సన్నగా అరుస్తూ వెనకాలే తడబడి నడుస్తోంది. రెండు రోజుల పిల్ల. దాని గొంతు తల్లికి ఇంకా అలవాటు కాలేదు. తల్లి దగ్గర ఉన్న గుర్తు వాసన ఒక్కటే.

పిల్ల పొదుగు కిందికి దూరబోయింది. బొల్లి వాసన చూసింది. తల వంచి కుమ్మింది. పిల్ల ఎగిరి కంచె రాళ్ళ దగ్గర పడింది. లేచి మళ్ళీ వచ్చింది. బొల్లి మళ్ళీ కుమ్మింది. కుమ్మి, తల ఎత్తి, నా పిల్ల ఎక్కడ అన్నట్టు మళ్ళీ అరిచింది.

వీరేష్ బండ మీదే కదలకుండా ఉండిపోయాడు. తల్లి పిల్లను వెతుకుతోంది. పిల్ల దాని ముందే ఉంది. మధ్యలో ఉన్నది అతను రుద్దిన పౌడరు.

సుంకప్ప వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేంది, పౌడరు వాసనొస్తాండాది. ఎవురు చేసినారు?"

"నేనే నాయనా" అన్నాడు వీరేష్. బండ దిగి దగ్గరికొచ్చాడు. "పరీక్ష పెట్టినా."

"ఎవురికి?"

"గొర్రెలకి."

సుంకప్ప అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది అనిపించింది వీరేష్‌కు. ఆయన పిల్ల నోట్లో వేలు పెట్టి చూశాడు.

"నోరు సల్లగుండాది. తల్లి పాలు తాగకపోతే తెల్లారేదాకా ఉండదు ఇది."

అప్పుడే మల్లీశ్వరి కూలి నుంచి వచ్చింది. గడప దగ్గర ఖాళీ డబ్బా కాలికి తగిలింది.

"నా పౌడరంతా ఎవురికి పూసినావు రా? ఈడ ఎవురికన్నా పెండ్లిచూపులా?" అంటూ వచ్చి, మొగుడి చేతుల్లో తల వేలాడేసిన పిల్లను చూసింది. ఇంట్లోకి పోయి గోనెసంచి తెచ్చింది.

వీరేష్ పిల్లను గోనెసంచిలో పెట్టి తుడిచాడు. తర్వాత తన చొక్కా లోపల పెట్టుకున్నాడు. దాని గుండె అతని పొట్టకు తగిలి కొట్టుకుంటోంది. చాలా వేగంగా కొట్టుకుంటోంది.

"ఇప్పుడేం చేయాల నాయనా?"

"తల్లి నాకుతాదని మా నాయన పిల్లకు ఉప్పు రుద్దేవాడు. పని చేస్తాదో లేదో నాకు తెలీదు. చూద్దాం."

బొల్లి రోజూ పడుకునే చోట మన్ను తెచ్చి పిల్లకు రుద్దారు. బొల్లి పాలు పిండి దాని వీపు మీద, తోక మీద పూశారు. పైన కాస్త ఉప్పు చల్లారు. సుంకప్ప బొల్లిని కాళ్ళ మధ్య గట్టిగా పట్టుకున్నాడు. వీరేష్ పిల్ల నోటిని పొదుగు దగ్గర పెట్టాడు. దానికి చప్పరించే ఓపిక లేదు. అతను వేలితో పాలు పిండి నోట్లో చుక్క చుక్క వేశాడు. చాలాసేపటికి పిల్ల ఒక్కసారి మింగింది. తర్వాత ఇంకోసారి.

వదిలేసరికి బొల్లి దూరంగా పోయి నిలబడి మళ్ళీ అరిచింది.

వీరేష్ ఆకాశం వైపు చూశాడు. అప్పుడే ఒక చుక్క పొడిచింది.

"నాయనా, మనకన్నా తెలివైనోళ్ళు పైనుంచి దిగొస్తే, మనకూ ఇట్లే పరీక్ష పెడతారా?"

"ఎవురొస్తారు?"

"ఎవురో ఒకరు. అమ్మ నన్ను గుర్తుపట్టకుండా చేసి, చూద్దాం దీనికి తెలివుందో లేదో అంటే?"

మల్లీశ్వరి కొడుకు వైపు చూసింది. సుంకప్ప చేతులకు అంటిన మన్ను దులుపుకున్నాడు.

"నీకన్నా తెలివుంటే, ఇట్లాంటి పని చెయ్యర్లే" అన్నాడు.

వీరేష్‌కు ఆ రాత్రి అన్నం దిగలేదు. పడుకున్నా బొల్లి అరుపు వినపడుతూనే ఉంది. అది ఎప్పుడు ఆగిందో, తనకు ఎప్పుడు నిద్ర పట్టిందో అతనికి తెలియదు.

పొద్దున మెలకువ రాగానే దొడ్డిలో అరుపు లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాడు.

బొల్లి కంచె పక్కన నిలబడి ఉంది. పిల్ల వీపు మీది ఉప్పు నాకుతోంది. నాకి, వాసన చూసి, మళ్ళీ నాకుతోంది. పిల్ల తల పొదుగు కింద ఉంది. తోక గిరగిరా ఊగుతోంది.

వీరేష్ మట్టిలో అట్లాగే కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచాడు.

"నాయనా, నీ తువ్వాల ఇయ్యి."

"ఎందుకు?"

"నాకు పరీక్ష."

అతను తువ్వాలను కళ్ళకు గట్టిగా కట్టుకున్నాడు. పిల్ల కడుపు నిండాక, దాన్ని మిగతా పిల్లల్లో కలిపేయమన్నాడు. మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్క పిల్లనూ పట్టుకుని వాసన చూశాడు. అన్నీ ఒకే రకం వాసన. పాల వాసన, పెంటికల వాసన, బొచ్చు వాసన. రాత్రంతా ముక్కులోనే ఉన్న ఉప్పూ పాలూ కలిసిన ఆ వాసనే ఇది అనుకుని, ఒకదాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ఇదే" అన్నాడు.

"విప్పి చూడు" అంది మల్లీశ్వరి. ఆమె నవ్వు ఆపుకుంటోంది.

విప్పి చూశాడు. అది బొల్లి పిల్ల కాదు, ఇంకో గొర్రెకు పుట్టిన పొట్టేలు పిల్ల. బొల్లి అప్పటికే గుంపులోకి వచ్చి, తన పిల్ల దగ్గర నిలబడి ఉంది. దానికి ఎంతసేపూ పట్టలేదు.

వీరేష్ రాత్రి పిల్లను పెట్టుకున్న చొక్కా మార్చుకోలేదు. అట్లాగే బడికి పోయాడు.

బోర్డు మీద నిచ్చెన ఇంకా ఉంది. రేఖ ముక్కు మూసుకుంది.

"ఏమప్పా, గొర్రెలకెన్ని మార్కులు?"

"వాటికి ఎట్లా వెయ్యాల్నో నాకు రాదు" అన్నాడు వీరేష్. "నాకైతే సున్నా."

ఎవరూ నవ్వలేదు. రేఖ ముక్కు మీద నుంచి చెయ్యి తీసింది.

వీరేష్ చొక్కా చెయ్యి ముందుకు చాపాడు. "ఈడ తల్లి పడుకున్న మన్ను అంటుకుంది. ఈడ పిల్ల ఒళ్ళు రాసుకుంది. కండ్లు మూసుకుని, ఏది ఏదో చెప్పు."

రేఖ కళ్ళు మూసుకుని వంగింది. చాలాసేపు వాసన చూసింది. తల అడ్డంగా ఊపింది. తర్వాత ముందు బెంచీ వాళ్ళు లేచి వచ్చారు. తర్వాత వెనక బెంచీ వాళ్ళు. వీరేష్ చెయ్యి నొప్పి పుట్టినా దించలేదు.

అందరూ అయ్యాక పుష్పావతి టీచరు సుద్దముక్క బల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు తీసి, తన వంతుకు వచ్చి నిలబడింది.