ఒక్కరికి సరిపడా

తల్లి వంటింట్లో నిలబడి ఉడికించిన గుడ్ల పెంకులు వలుస్తోంది. పెద్దోడు బల్ల దగ్గర కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. వాడికి ముప్ఫై దాటాయి. మాటలు రావు. ఎవరి ముఖంలోకీ చూడడు. గుడ్లు కనబడితే మాత్రం నోరంతా తెరిచి నవ్వుతాడు. తన చేతిని తనే కొరుక్కుంటాడు, ఆ పుండు మానేలోపే మళ్లీ కొరుకుతాడు.

చిన్నది గ్లాసులో మందుపొడి కలుపుకుని, ఊపిరి బిగబట్టి తాగేసింది. అన్నాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే జబ్బు, పుట్టుకతో వచ్చింది. పాలు, గుడ్లు, మాంసం, పప్పుల్లో ఉండే ఒక పదార్థాన్ని వాళ్ల ఒళ్లు అరిగించుకోలేదు. అది రక్తంలో పేరుకుని మెదడును తినేస్తుంది. అన్న విషయంలో ఆ సంగతి బయటపడేసరికి జరగాల్సింది జరిగిపోయింది. వాడిలాగే అవుతుందేమోనన్న భయంతో చెల్లెలికి పుట్టగానే పరీక్ష చేశారు. పథ్యం చేసి, ఆ పదార్థం లేకుండా బలాన్నిచ్చే ఈ పొడి తాగి ఆమె చక్కగా పెరిగింది. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో అదే జబ్బున్న వాళ్ల తిండి చూసే పోషకాహార నిపుణురాలు.

"అమ్మా, సోమవారం నుంచి అన్నయ్యకి గుడ్లు ఆపేద్దాం. వాడికీ ఈ పొడి మొదలుపెడదాం" అంది.

తల్లి చేయి ఆగింది. "ఎందుకు?"

"మా దగ్గర పరిశోధన జరుగుతోంది. ఇంత వయసులో మొదలుపెట్టినా కొందరికి కొరుక్కోవడం, తల బాదుకోవడం తగ్గుతున్నాయి. మామూలు మనిషి అవుతాడనడం లేదు. కాస్త నెమ్మదిస్తాడేమో."

"వాడికి ఈ లోకంలో ఉన్న సుఖమల్లా ఈ గుడ్డొక్కటే. దాన్నీ లాక్కుంటావా? నీ పరిశోధనకి నా కొడుకే దొరికాడా?"

"నీ కొడుకు నాకు అన్నయ్య కూడానే అమ్మా."

"ఆహా! ఇవాళ గుర్తొచ్చాడా అన్నయ్య?" తల్లి గిన్నెను ఠక్కున బల్ల మీద పెట్టింది. "వాడు ఇలా అయ్యాడు కాబట్టే నీకు పరీక్ష చేశారు. నీ చదువు, నీ ఉద్యోగం, నీ తెలివి అన్నీ వాడు పోగొట్టుకున్నవే."

ఆ మాట చిన్నదానికి కొత్త కాదు. తరగతిలో మొదటి స్థానం వచ్చిన ప్రతిసారీ విన్నది. విన్నప్పుడల్లా తలొంచుకునేది. ఇవాళ ఎందుకో తల వంగలేదు.

"వాణ్ని ఇలా చేసింది నేనా? వాడి నోట్లో విషం పెట్టింది నువ్వు. అప్పుడంటే తెలీదు. అన్నీ తెలిసీ ఇప్పటికీ పెడుతున్నావ్!"

అరుపులకు పెద్దోడు బెదిరిపోయాడు. నుదురు బల్లకేసి కొట్టుకోసాగాడు. చిన్నది పరుగెత్తి తన అరచేతిని అడ్డం పెట్టింది. దెబ్బలన్నీ ఆ చేతి మీద పడుతున్నాయి. తల్లి ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"అప్పుడు తెలీదని నీకెవరు చెప్పారు?" అంది తల్లి.

చిన్నది తలెత్తింది.

"నువ్వు పుట్టినప్పుడే డాక్టరమ్మ చెప్పింది, వాడికి కూడా పథ్యం మొదలుపెట్టమని. పూర్తిగా బాగవడు గానీ ఇంత అధ్వానం కాకుండా ఉంటాడంది. ఆ రోజుల్లో పొడి దొరకడమే గగనం. ఆసుపత్రికి ఒక్కరికి సరిపడానే వచ్చేది. ఇద్దరికీ రాయించుకుంటే ఉన్నది పంచుతారేమో, నీకు చాలకపోతే నువ్వూ ఇలాగే అయిపోతావేమో అని భయపడ్డాను. వాడికి వద్దని నా నోటితో నేనే చెప్పి వచ్చాను."

చిన్నది అరచేయి వాస్తున్నా తీయలేదు. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అంది.

"చెబితే ఆ గ్లాసు నీ గొంతు దిగేదా?"

"మరి ఇప్పుడు పొడికి కరువు లేదుగా. ఇప్పుడెందుకు వద్దంటున్నావ్?"

తల్లి అక్కడే నేల మీద కూలబడింది. "ఇప్పుడు వాడు నిజంగానే బాగుపడితే? ఆనాడే పోసుంటే ఎంత బాగుండేవాడోనని రోజూ వాణ్ని చూస్తూ నేనెలా బతకాలే?"

ఇన్నేళ్లలో తల్లి ఏడవగా చూడటం చిన్నదానికి అదే మొదలు. ఓదార్చాలని ఉంది గానీ ఏ ముఖంతో ఓదారుస్తుంది? ఆ పొడి కడుపు నిండా తాగి పెరిగింది తనే మరి.

సోమవారం పథ్యం మొదలైంది. తొలి గ్లాసు తల్లే కలిపింది. పెద్దోడు గుడ్ల కోసం అల్మారాలన్నీ వెతికాడు. గ్లాసు విసిరికొట్టాడు. పట్టుకోబోయిన తల్లి భుజం మీద రక్తం వచ్చేలా కొరికాడు. ఆమె "కొరకరా. నీ చేతికన్నా నా భుజం నయం" అంటూ మళ్లీ కలిపి తెచ్చింది. వారాలు గడిచాయి. తల బాదుకోవడం పూర్తిగా ఆగలేదు గానీ, కొన్ని రోజులు అసలు లేకుండానే గడిచిపోయేవి.

ఒక మధ్యాహ్నం తల్లి వాడి పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. వాడు ఊగడం ఆపేశాడు. మెల్లగా తల తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు. చూపు మరల్చలేదు.

"ఏమే, ఇలా రా!" తల్లి చిన్నదాన్ని కేకేసింది. "వీడు నన్నే చూస్తున్నాడే. అటు తిరగమను. నేను తట్టుకోలేను." రెండు చేతులతో ముఖం కప్పేసుకుంది.

చిన్నది వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఒక్కొక్క చేయీ పట్టుకుని నెమ్మదిగా కిందికి దించింది.

"చూడనీ అమ్మా. నువ్వెలా ఉంటావో వాడికిన్నాళ్లూ తెలీదు."